వాచీకి కనబడని చెయ్యి

పాత టూత్‌బ్రష్‌తో వాచీ పట్టీ తోముతున్నాను. ఆ రబ్బరు పట్టీకున్న చిల్లుల్లో రాత్రి చెమటంతా జిగురులా పేరుకుంటుంది. సబ్బు నీళ్ళు తగిలితే గానీ వదలదు. అద్దం మీద చుక్క నిలవకుండా మెత్తటి గుడ్డతో అద్దాలి. వెనకవైపు పచ్చగా మిణుకుమనే దాని కన్నుని విడిగా తుడవాలి. తర్వాత చార్జింగుకి పెట్టాలి. ఆయన స్నానం చేసి, టీ తాగి, బూట్లు తొడుక్కునేలోగా అది నిండాలి. నిండకపోతే ఆ తప్పు నాది. వాచీది కాదు, కరెంటుదీ కాదు.

"ఎన్నొచ్చాయి?" బాత్రూంలోంచి ఆయన కేక.

ఆయన ఫోన్ తెరిచి, రాత్రి నిద్రకి వాచీ వేసిన మార్కులు చూశాను. "ఎనభై ఎనిమిది."

"కింద ఏమని ఉంది?"

"ఊపిరికి సంబంధించిన ఇబ్బంది గుర్తులు కనబడలేదు అని ఉంది."

"గట్టిగా చదువు, అమ్మకి వినబడాలి."

గట్టిగా చదివాను. వంటింట్లో అత్తయ్య వంట చేస్తోంది. గిన్నె మీద గరిటె చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది. ఆ మాట విన్నప్పుడల్లా ఇంతే. కొడుకు తుమ్మితే పరుగెత్తుకొచ్చే మనిషి, కొడుకు ఆరోగ్యంగా ఉన్నాడన్న మాటకి మాత్రం సంతోషించదు. ఎందుకో అప్పట్లో నాకు తట్టలేదు.

ఆ ఎనభై ఎనిమిది మార్కుల రాత్రి నేను ఆయన్ని పదకొండుసార్లు పక్కకి తిప్పాను.

ఆయన వెల్లకిలా పడుకుంటాడు. గురక మొదలవుతుంది. గురకతో నాకు పేచీ లేదు, అది మోగుతున్నంతసేపూ ధైర్యమే. భయమంతా అది ఆగినప్పుడు. ఉన్నట్టుండి ఇల్లంతా నిశ్శబ్దమైపోతుంది. గోడ గడియారం ఒక్కటే కొట్టుకుంటూ ఉంటుంది. చీకట్లో ఆయన పొట్ట ఎగసెగసి పడుతుంది కానీ గాలి లోపలికి పోదు. గడియారంతో పాటు నేనూ లెక్కపెడతాను. ఎనిమిది, తొమ్మిది, పది. పది దాటితే ఎడమ భుజం కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి పెట్టి, పిండి బస్తాని దొర్లించినట్టు గోడవైపు తిప్పుతాను. నీళ్ళలోంచి తల పైకి తీసినవాడిలా పెద్ద ఊపిరి లాగి, పక్కకి ఒరిగి, హాయిగా నిద్రపోతాడు. అరగంటకో ముప్పావుగంటకో మళ్ళీ వెల్లకిలా వస్తాడు. నాలుగేళ్ళ కిందట పెళ్ళయిన కొత్తలో "ఏంటా తోయడం?" అని నిద్రలోనే కసిరేవాడు, పొద్దున అడిగితే గుర్తులేదనేవాడు. ఇప్పుడు లేవడం కూడా లేదు. నాకూ అలవాటైపోయింది. ముందు నా చెయ్యి లేస్తుంది, తర్వాత నేను లేస్తాను.

వాచీ ఇంట్లోకి వచ్చి ఐదు నెలలు. ఆయన స్కూలు వ్యాను నడుపుతాడు. ఇరవైరెండు మంది పిల్లలు. ఐదు నెలల కిందట ఒక పొద్దున సిగ్నలు దగ్గర ఆగిన వ్యాను, పచ్చ లైటు పడ్డా కదల్లేదట. వెనక హారన్లు. పిల్లలు సీట్లు బాదారు. వెనక కారులో ఉన్న ఒక పిల్ల తల్లి దిగొచ్చి అద్దం కొడితే ఆయన తల ఎత్తాడు. ఆవిడ స్కూల్లో చెప్పింది. వ్యాన్ల మేనేజరు పిలిచి, "డాక్టరుకి చూపించుకుని కాగితం పట్టుకురా" అన్నాడు.

"డాక్టరు దగ్గరికి వెళ్ళినవాణ్ణి ఏ జబ్బూ లేదని ఎవడైనా పంపిస్తాడా?" అన్నాడు ఆయన ఆ రోజు ఇంటికొచ్చి. "రాసేస్తాడు. రాసిన మర్నాడు వ్యాను ఇంకొకడికిస్తారు. అంతకన్నా ఇది నయం." పెట్టె తెరిచి వాచీ చూపించాడు. నిద్రలో ఊపిరి ఆగితే ఇట్టే పట్టేస్తుందట. ముప్పై రోజులు పెట్టుకుంటే ఫోనే ఒక కాగితం తయారుచేసి ఇస్తుంది. ఇచ్చింది. గుర్తులు కనబడలేదని. మేనేజరు ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి భుజం తట్టాడట. మేనేజరు చేతికీ అదే వాచీ.

ఆ రోజు నుంచి ఇంట్లో నా ఆవలింతలు నేరమయ్యాయి. జబ్బు ఉండాల్సిన మనిషికే లేదని తేలాక, పక్కన పడుకునేదానికి ఏం రోగం? "నాకంటే ముందు మంచమెక్కుతావు, నాకంటే ఎక్కువ ఆవలిస్తావు" అనేవాడు. అత్తయ్య కూడా, "పొద్దెక్కాక ఆ నోరు తెరవడమేంటమ్మాయ్, ఇల్లంతా అంటుకుంటుంది" అనేది, కానీ నా మొహం చూడకుండా. ఒకరోజు ఉండబట్టలేక అన్నాను, "రాత్రి నాకు నిద్ర ఉండటంలేదండీ, మీరు ఊపిరి ఆపేస్తున్నారు, నేను లేస్తున్నాను" అని. ఆయన నవ్వి, తన చేతి వాచీ తీసి నా చేతికి కట్టాడు. "రెండు రాత్రులు నువ్వు పెట్టుకో. తేలిపోతుంది."

రెండు రాత్రులూ నేను నిద్రపోలేదు. వాచీకి దెబ్బ తగులుతుందేమోనని భయపడి, కుడి చేత్తోనే ఆయన్ని తిప్పి, వాచీ ఉన్న ఎడమ చేతిని పొట్ట మీద పెట్టుకుని, ఆయన నిద్ర చెడకుండా కట్టెలా పడుకుని పైకప్పు చూస్తూ గడిపాను. పొద్దున ఫోన్‌లో వచ్చింది: ఏడు గంటల ఇరవై నిమిషాల నిద్ర. తొంభై మార్కులు.

"చూశావా? నాకంటే రెండెక్కువ!" ఆయన ఊళ్ళో ఉన్న తన చెల్లెలికి ఫోన్ చేసి మరీ చెప్పాడు. "మీ వదిన రాత్రంతా మేలుకుని కాపలా కాస్తోందట. వాచీ ఏమో ఏడు గంటలు గుర్రు పెట్టిందంటోంది." అవతల నుంచి ఆడపడుచు నవ్వు నాదాకా వినబడింది. "పోనీలే అన్నయ్యా, కలలో కాపలా కాసిందేమో."

మా పల్లెటూరి బళ్ళో ఒక పంతులుగారు ఉండేవారు. చేతులు కట్టుకుని కదలకుండా కూర్చున్న పిల్లకి పాఠం వచ్చేసినట్టే లెక్క ఆయనకి. కదిలిన పిల్లకి దెబ్బలు. నేను ఐదేళ్ళు కదలకుండా కూర్చుని, పాఠం రాకుండానే మంచిపిల్లననిపించుకున్నాను. ఈ వాచీ కూడా ఆ పంతులుగారి తరహానే అని నాకు అప్పుడు అర్థమైంది. కదలకపోతే నిద్రపోయినట్టే. దానికి నా కళ్ళు తెరిచి ఉన్నాయో మూసి ఉన్నాయో ఏం తెలుసు? నా విషయంలో అంత ధైర్యంగా అబద్ధం చెప్పింది, ఆయన విషయంలో నిజం చెబుతోందని నమ్మడం ఎలా? అనుమానం ఆ రోజు మొదలైంది. అనుమానం కూడా ఒక పనే. ఇంట్లో ఉన్న పనులన్నిటితో పాటు దాన్నీ నేనే చేసుకోవాలి.

నేను దుప్పట్లు నేసే మిల్లులో గుడ్డ చూస్తాను. ఉద్యోగమే అది, చూడటం. ఏటవాలుగా ఉండే పాలరంగు గాజు బల్ల, దాని కింద ట్యూబులైట్లు, మీదుగా జారే గుడ్డ. తెగిన పోగు, నూనె మరక, చిల్లు, ఏది కనబడితే అక్కడ కాలితో మీట నొక్కి రోలు ఆపి, అంచున ఎర్ర స్టిక్కరు అంటించాలి. రోలు చివర చీటీ రాసి గుచ్చాలి. చేరిన కొత్తలో "లోపం లేదు" అని రాస్తే మా సూపర్‌వైజరు ఆ చీటీ చింపేసింది. ఆవిణ్ణి మేమంతా కళ్ళద్దాల మేడమ్ అంటాం. "లేదని చెప్పడానికి నువ్వేమన్నా దేవుడివా? కనబడలేదని రాయి. నీ కంటికి కనబడలేదు, అంతవరకే నీ పూచీ" అంది.

అలాంటి మేడమ్ ముందు నెల కిందట తల వంచుకుని నిలబడాల్సి వచ్చింది. నేను చూసి పంపిన రోలు వెనక్కి వచ్చింది.

"జానెడు చిల్లు. నా చెయ్యి దూరుతోంది, చూడు. ఇది నీ కళ్ళ ముందు నుంచే పోయింది. ఇంట్లో పసిపిల్లలున్నారా?"

"లేరు మేడమ్."

"మరి రాత్రిళ్ళు ఎవర్ని జోకొడుతున్నావు?"

పక్క బల్లల దగ్గర వాళ్ళు నవ్వారు. మేడమ్ నవ్వలేదు. "ఇంకొక్కటి ఇలా పోతే నిన్ను మడతల గదికి పంపేస్తాను. నాకిష్టమై కాదు" అంది. మడతల గదిలో చూడాల్సిందేమీ ఉండదు. పొద్దస్తమానం మడతపెట్టడమే. ఆ పని నేను ఇంట్లో చేస్తూనే ఉన్నాను.

మగ్గాలకీ నా బల్లకీ మధ్య సూదక్క కూర్చుంటుంది. నలభై ఏళ్ళ మనిషి, మాట తక్కువ. మగ్గం మీంచి దిగిన గుడ్డలో తెగిన పోగు కనబడితే సూదితో అల్లి, గోటితో రుద్ది, అసలక్కడ తెగిందన్న ఆనవాలు లేకుండా చేస్తుంది. ఆవిడ చెయ్యి పడ్డాకే గుడ్డ నా దగ్గరికి వస్తుంది. ఏడో మగ్గానికి మిల్లులో మంచి పేరు. ఏడాదిగా దాని మీంచి వచ్చిన రోళ్ళకి నేను పట్టుమని పది స్టిక్కర్లు కూడా అంటించలేదు. పోయిన వారం సూదక్క మెట్ల మీద జారి మణికట్టు బెణికించుకుంది. పది రోజులు సెలవు. మర్నాడు ఏడో మగ్గం రోలు సూటిగా నా బల్ల మీదికి వచ్చింది. మూరకొక చోట ఆపాను. మధ్యాహ్నానికి స్టిక్కర్ల చుట్ట అయిపోయింది. గుడ్డ అంచు పొడవునా తట్టు పోసినట్టుంది.

మెకానిక్కుని పిలిపించి మగ్గం విప్పించారు. లోపల పోగుల్ని నడిపించే పళ్ళచట్రం ఒకవైపు పూర్తిగా అరిగిపోయి ఉంది. "ఇది నిన్నా మొన్నటి అరుగుదల కాదు మేడమ్, ఏడాది నాటిది" అన్నాడతను. కళ్ళద్దాల మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఏడాదిగా రిపోర్టులన్నీ శుభ్రంగా ఉన్నాయి. మంచి మగ్గం, మంచి మగ్గం అనుకున్నాం. మంచిది మగ్గం కాదు, ఆవిడ చెయ్యి. పాపం, ఆవిడ బాగు చేసినకొద్దీ ఇది లోపల చచ్చిపోతూ వచ్చింది."

నేను నా రెండు చేతుల వంకా చూసుకున్నాను. భుజం కింద ఒకటి, నడుం కింద ఒకటి. పది లెక్కపెట్టి, తిప్పి, మళ్ళీ ఏమీ జరగనట్టు. ఐదు నెలలుగా వాచీ చూస్తున్నది ఆయన ఊపిరిని కాదు. నా చెయ్యి పడ్డాక మిగిలిన ఊపిరిని. పక్కకి తిరిగిన మనిషి బాగానే ఊపిరి తీస్తాడు; అది అదే రాస్తుంది. పదకొండుసార్లు తిప్పిన సంగతి దానికి తెలీదు. మేనేజరు చేతిలో ఉన్న కాగితం ఆయనొక్కడిదీ కాదు, మా ఇద్దరిదీ. మా ఇద్దరి ఆరోగ్యం కలిపి ఆయన పేరు మీద రాసి ఇచ్చింది. అందులో నా వాటా కింద నాకు మిగిలింది ఆవలింత.

ఆ సాయంత్రం ఆయన స్నానంలో ఉండగా ఫోన్‌లో ఆ కాగితం కింద ఉన్న చిన్న అక్షరాలు చదివాను. నేను నెమ్మదిగా చదువుతాను. కష్టమైన మాటల్ని రెండుసార్లు చదువుతాను. ఈ సాధనం వైద్యపరీక్ష కాదు అని ఉంది. ప్రతి మనిషిలోనూ ప్రతిసారీ పట్టుకోలేదని ఉంది. గుర్తులు కనబడనంత మాత్రాన జబ్బు లేదని అనుకోవద్దు, అనుమానముంటే డాక్టరుని కలవండి అని ఉంది. అచ్చం కళ్ళద్దాల మేడమ్ చెప్పిందే. వాచీ తన చీటీ తాను నిజాయితీగానే రాసింది. పై వాక్యం గట్టిగా చదివించుకుని కింది వాక్యం చదవని మనిషిదే అబద్ధం.

"నా ఫోన్‌లో ఏం వెతుకుతున్నావ్?" తల తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడ్డాడు.

"మీ కాగితం చదువుతున్నా."

"కాగితమా, మెసేజులా?" ఫోన్ లాక్కుని జేబులో పెట్టుకున్నాడు. అప్పటి నుంచి మార్కులు చదవడానికి మాత్రం చేతికిచ్చి, చదివాక వెంటనే తీసుకోవడం మొదలుపెట్టాడు.

మిల్లులో దెబ్బలకి కట్లు కట్టే నర్సు ఒకావిడ ఉంది. భోజనాల వేళ వెళ్ళి అడిగాను. ఆవిడ నేను చెప్పిందంతా విని, "ఆస్పత్రిలో ఒక రాత్రి పడుకోబెట్టి చూడాలి. తలకీ ఛాతీకీ వేలికీ తీగలు తగిలిస్తారు, ముక్కు దగ్గర గాలి పోతోందో లేదో చూస్తారు. మణికట్టు మీద కూర్చున్నదానికి ముక్కులో సంగతేం తెలుస్తుంది?" అంది. "జబ్బుంటే మందుందా?" అన్నాను. "మందు కాదు, గాలి తోసే చిన్న మిషను. ముక్కుకి తొడుక్కుని పడుకోవాలి. బాగానే ఉంటారు, డ్రైవర్లు కూడా మళ్ళీ బండెక్కుతారు. తెలుసుకోకుండా నడిపేవాళ్ళ గురించే భయం." ఆస్పత్రికి ఫోన్ చేసి, వేళ అడిగి చీటీ రాసి ఇచ్చింది. సోమవారం సాయంత్రం ఏడు గంటలకి. రోగి అన్నచోట ఆయన పేరు.

చీటీ చూపిస్తే వాచీ చూపిస్తాడు. అందుకని ముందు ఆదివారం కోసం ఆగాను.

ఆదివారం మధ్యాహ్నం భోజనం చేశాక ఆయన నడుం వాలుస్తాడు. పగటి నిద్రని వాచీ పట్టించుకోదు, దాన్ని తీసి బల్ల మీద పెట్టేశాడు. కిటికీలోంచి ఎండ మంచం మీదికి వచ్చింది. నేను స్టూలు వేసుకుని కూర్చుని, నా ఫోన్‌లో రికార్డు నొక్కి దిండు పక్కన పెట్టాను. గురక వచ్చింది. కాసేపటికి ఆగింది. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని లెక్కపెట్టాను. పది. నా వేళ్ళు వాటంతటవే కదిలాయి. పదిహేను. వెలుతురులో ఆ మొహాన్ని అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. పెదాల అంచున రంగు మారుతోంది. పాదాలు చిన్నగా తన్నుకుంటున్నాయి. ఇరవై. ఇరవై దగ్గర నాలో ఎవరో, ఎంత దూరం పోతుందో చూద్దాం, అన్నారు. ఆ ఎవరో నేనే. వాచీని అనుమానించాను, ఆయన్ని అనుమానించాను, ఆ నిమిషంలో నన్ను నేను అనుమానించుకున్నాను. ముప్పై నాలుగు దగ్గర తట్టుకోలేక లేచి తిప్పాను. మంచమంతా అదిరేలా ఊపిరి లాగాడు.

టీలు తాగేటప్పుడు ఫోన్ బల్ల మీద పెట్టి వినిపించాను. అత్తయ్య వంటింటి గుమ్మంలో కప్పు పట్టుకుని నిలబడి ఉంది. గురక. తర్వాత ఏమీ లేదు.

"ఆగిపోయింది నీ ఫోన్" అన్నాడు ఆయన.

"ఆగలేదు. వినండి, గడియారం కొట్టుకుంటోంది."

ముగ్గురం విన్నాం. టిక్కు, టిక్కు, టిక్కు. ఆ గదిలో ఎవరూ లేనట్టు గడియారం ఒక్కటే. ఎంతకీ అయిపోదు. చివరికి ఆ ఊపిరి వినబడితే, ఎదురుగా కూర్చుని టీ తాగుతున్న మనిషి కూడా ఉలిక్కిపడ్డాడు. తర్వాత ఆయన మొహంలోకి వచ్చింది భయం అనుకున్నాను. కాదు.

"అంటే నేను ఊపిరాడక కొట్టుకుంటుంటే కూర్చుని రికార్డు చేసుకున్నావా?"

"ముప్పై నాలుగు దాకా. తర్వాత తిప్పాను."

"ముందే తిప్పితే పోయేదిగా! నాలుగేళ్ళుగా తిప్పుతున్నదానివే కదా, ఈ రోజేం వచ్చింది?"

గదిలో గడియారం ఆగినట్టయింది. ఆయనకి తెలుసు. నిద్రలో ఉన్నవాడికి తెలియదులే అనుకుంటూ నాలుగేళ్ళుగా నేను జాగ్రత్తగా, నొప్పి తగలకుండా తిప్పుతున్నాను. ఆయనకి మొదటి నుంచీ తెలుసు.

"మేనేజరుకి చెప్పారా ఈ మాట?" అన్నాను. "వాచీతో పాటు రాత్రంతా నేను కూడా ఉంటానని?"

"నీకేం బరువు? కాస్త చెయ్యి కదిపితే అరిగిపోతావా? ఇంట్లో మనిషివి, ఆ మాత్రం చెయ్యవా?"

చీటీ ఆయన ముందు పెట్టాను. చదివాడు, మడిచాడు, బల్ల మీదే వదిలేశాడు. "వాచీ ఉంది, చాలు" అని టీవీ పెట్టుకున్నాడు.

వంటింట్లో అత్తయ్య కడిగిన కప్పునే మళ్ళీ కడుగుతోంది. నేను పక్కన నిలబడ్డాను. నీళ్ళ చప్పుడు మాటున అడిగింది.

"ఎంతదాకా ఆగింది?"

"ముప్పై నాలుగు."

"మీ మామగారిది యాభై దాకా వెళ్ళేది."

హాల్లో మామగారి ఫొటో ఉంది. ఈ ఇంట్లో ఆయన గురించి అందరూ ఒకే మాట చెబుతారు: అదృష్టవంతుడు, ఏ బాధా లేకుండా నిద్రలోనే హాయిగా పోయాడు అని.

"ఇరవై ఆరేళ్ళు తట్టి లేపాను" అంది అత్తయ్య. "మీ ఆడపడుచు పుడుతుందనగా పుట్టింటికి కూడా వెళ్ళలేదు. ఇంట్లోనే కన్నాను. దాని కాన్పుకి మాత్రం తప్పలేదు. ఆస్పత్రిలో ఒక్క రాత్రి దాని పక్కన ఉన్నాను. ఒక్క రాత్రమ్మాయ్. పొద్దున వచ్చి తలుపు తడితే తియ్యలేదు." కొళాయి కట్టలేదు ఆవిడ. "ఎవరికీ చెప్పలేదు. చెబితే, నువ్వు లేకే పోయాడంటారు."

నాలుగేళ్ళలో నేను ఒక్క రాత్రి కూడా ఈ ఇల్లు దాటలేదు. అమ్మకి ఒంట్లో బాగాలేదంటే పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చాను. "దీపాలు పెట్టేవేళకి ఇంట్లో ఉండాలమ్మా" అనేది అత్తయ్య, నేను దాన్ని పెత్తనం అనుకునేదాన్ని. నన్ను చూడ్డానికి వచ్చినరోజు ఆవిడ అడిగిన ప్రశ్న ఒకటి మా అమ్మ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది. వంట గురించి అడగలేదు, చదువు గురించి అడగలేదు. "మీ పిల్లది ఎలాంటి నిద్ర? పిలిస్తే లేస్తుందా, కుదిపితే లేస్తుందా?" అంది. అమ్మ గొప్పగా, "చీమ నడిచినా లేస్తుందండీ" అని చెప్పింది. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు, అప్పుడే సంబంధం ఖాయమంది.

"అందుకేనా ఆ రోజు అడిగారు?" అన్నాను.

అత్తయ్య కొళాయి కట్టేసింది. నా వైపు తిరగలేదు. ఈ ఇంటికి నేను కోడలిగా వచ్చాననుకున్నాను. ఆవిడ తన కొడుక్కి మెలకువని వెతికి తెచ్చింది. వాచీ కన్నా ఎంతో ముందే. కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆవిడ చేతులు చూస్తే, కుడి మణికట్టు దగ్గర ఎముక కాస్త పక్కకి పొంగి ఉంది. అలాంటి చెయ్యి నాకు తెలుసు. మిల్లులో సూదక్కకి చూశాను.

ఆ రాత్రి కూడా తిప్పాను. పదమూడుసార్లు.

సోమవారం పొద్దున ఆయన స్నానానికి వెళ్ళాడు. వాచీ బల్ల మీద ఉంది, పట్టీ జిగురుగా ఉంది. నేను దాన్ని ముట్టుకోలేదు. పక్కనే, మార్కులు చదవమని ఆయన వదిలి వెళ్ళిన ఫోన్ వెలిగింది. తొంభై ఒకటి. గుర్తులు కనబడలేదు. ఇంకో అరగంటలో మొదటి వీధి చివర ఇద్దరు పిల్లలు సంచులు తగిలించుకుని నిలబడతారు. తర్వాతి మలుపులో ముగ్గురు. ఇవాళ వాళ్ళ కోసం ఇంకో బండి రావాల్సి ఉంటుంది. ఆలస్యంగా బడికి వెళ్తారు. వెళ్తారు.

వీధి తలుపు పక్కన కొక్కేనికి వ్యాను తాళం వేలాడుతోంది. తీసి నా సంచిలో, అన్నం గిన్నె కింద పెట్టాను. అదే కొక్కేనికి ఆస్పత్రి చీటీ గుచ్చాను. పేరు పైకి కనబడేలా సరిచేశాను.

వెనక అలికిడైంది. అత్తయ్య. ఎప్పటి నుంచి నిలబడిందో తెలీదు. తాళం లేని కొక్కెం వంకా, చీటీ వంకా చూసింది. కొడుకుని కేకేస్తుందనుకున్నాను. ఆవిడ తన గదిలోకి వెళ్ళింది. బీరువా తలుపు కిర్రుమంది. తిరిగి వచ్చి, పిడికిలి నా అరచేతిలో తెరిచింది. వ్యానుకున్న రెండో తాళం.

దాన్నీ అన్నం గిన్నె కిందకే తోశాను.

రోజూ గుమ్మం దగ్గర చెప్పులేసుకుని, "వెళ్ళొస్తానండీ" అని లోపలికి వినబడేలా చెప్పి, "ఊ" అని వినబడేదాకా నిలబడతాను. ఒక్కోసారి ఆ ఊ రావడానికి మిల్లు బస్సు వెళ్ళిపోయేంత సేపు పడుతుంది.

"ఎన్నొచ్చాయి?" బాత్రూంలోంచి కేక వచ్చింది.

అత్తయ్య గడియ తీసి తలుపు పట్టుకుంది. నేను చెప్పులేసుకుని, బయటికి నడిచాను.